‘ఏం కాదు’ అనని ఇల్లు

నమోదు 1

డాక్టర్ షమీమ్ రాయమన్నారు, రాస్తున్నాను. నా మనవరాలు వకుళకు ఆందోళన జబ్బు. పైగా కడుపుతో ఉంది, ఇప్పుడు అయిదో నెల. గోడలో ఉన్న యంత్రం దాని ఊపిరిని కొలుస్తుంది గానీ, ఆ ఊపిరి ఎందుకు ఎగసిందో, ఎగసినప్పుడు మేమంతా ఏం వెలగబెట్టామో అది చెప్పలేదట. "ముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు, అంతవరకే రాయండమ్మా. అభిప్రాయాలు వద్దు" అన్నారు డాక్టర్ గారు. ఒక్క చెట్టు లేని ఊళ్లో ముప్పయ్యేళ్లు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. నా దగ్గర మిగిలిందే అభిప్రాయాలు.

నా పేరు సుభాషిణి. పెట్టినవాళ్లకు ముందుచూపు తక్కువ.

పొద్దున లేస్తే పని ఇది: గోడ జాలీ మీద రాతి దుమ్ము తుడవాలి. ఫ్యాన్ వడపోత గుడ్డ జాడించి ఆరేయాలి. గుమ్మం పక్కన గాలి ఎంతుందో చూపే ముల్లు చూడాలి. ముల్లు ఆకుపచ్చలో ఉంటే వీధిలోకి తల పెట్టి "గాలి మంచిదే!" అని కేకేయాలి. ఎదురింటివాళ్లు "మాదీ మంచిదే!" అనాలి. పైన ఎండకు మనిషి నిలవలేడు గనుక కొండ కింద రాయి తొలిచి ఉంటున్నవాళ్లం. ఇక్కడ నమస్కారమంటే అదే.

ఒక గదిలో ఊపిర్లు ఎక్కువైతే ఆ గది ఫ్యాన్ తనంతట తాను వేగం పెంచుకుని పక్కిళ్ల వాటాలోంచి గాలి లాక్కుంటుంది. అప్పుడు గుమ్మం మీద పసుపు దీపం వెలుగుతుంది. పొగకూ మంటకూ పెట్టిన ఏర్పాటు అది. నిన్న మా మనవరాలికి వెలిగింది.

నమోదు 2

నిన్నటి సంగతి వరసగా రాస్తాను.

వకుళ కూరకు పుట్టగొడుగులు తరుగుతోంది. వాళ్లమ్మా నాన్నా, అంటే నా కొడుకూ కోడలూ, పైన సౌరఫలకాల దగ్గర, ఎండ తొడుగులు వేసుకుని చేసే నెలల షిఫ్టులో ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే. తరుగుతున్నది ఆగి, కత్తి పక్కన పెట్టి, "జేజీ, గాలి తగ్గినట్టు లేదూ?" అంది.

"లేదు" అన్నాను.

లేచి ముల్లు చూసొచ్చింది. ఆకుపచ్చ. కూర్చుంది. మళ్లీ లేచింది. ఇంకా ఆకుపచ్చే. ఇది ఫ్యాన్ల మరమ్మతు విభాగంలో పనిచేసే పిల్ల. ఈ ఊళ్లో ఏ ఫ్యాన్ ఎంత గాలి తోస్తుందో నిద్రలో అడిగినా చెబుతుంది. గాలి గురించి తెలియకపోవటం వల్ల వచ్చిన భయమైతే నేనే పాఠం చెప్పి పోగొట్టేదాన్ని.

నాలుగోసారి లేచినప్పుడు గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఒళ్లంతా చెమట. "జేజీ, ఊపిరాడ్డంల్యా. పాపకు గాలి అందడంల్యా. ఏమో అయితాంది" అంది. ఫ్యాన్ రొద పెంచింది. పసుపు దీపం వెలిగింది.

ఇక మా వీధి మర్యాద చూడాలి. దీపం వెలిగితే పరుగెత్తుకు రావడం ఇక్కడి ధర్మం. ఎదురింటి సుంకమ్మ తడిగుడ్డతో వచ్చింది. పక్కింటివాళ్లు విసనకర్రతో వచ్చారు. ఎవరో నిమ్మ సారం తెచ్చారు. గాలి చాలటం లేదని గోల పెడుతున్న పిల్ల చుట్టూ ఇంతమంది చేరి, ఉన్న గాలి పీలుస్తూ, "గాలి మంచిదే తల్లీ, గాలి మంచిదే" అని ఒకటే పాట. వకుళ మొగుడు ఓబులేసు పని వదిలేసి పరుగున వచ్చి దాని చెయ్యి పట్టుకుని "ఏం కాదు, ఏం కాదు, ఏం కాదు" అన్నాడు. నేనూ అన్నాను. మొత్తం వీధి అంది.

తగ్గింది. తగ్గాక అది నావైపు చూసి, "నిజంగానే ఏం కాదా?" అని అడిగింది.

సాయంత్రం వీధిపెద్ద కొండయ్య వచ్చాడు. మంచివాడే, కాకపోతే నిబంధనలంటే మనవళ్లకంటే ముద్దు. "నెలలో మూడుసార్లు పసుపు వెలిగితే ఆ మనిషిని పై వార్డుకు పంపల్ల పెద్దమ్మా. కడుపుతో ఉండే పిల్ల, ఆడైతే భద్రంగా ఉంటాది. కాన్పుదాకా" అన్నాడు.

పై వార్డంటే అద్దాల గది. లోపలికి ఎవరూ పోకూడదు. మొగుడైనా సరే, అద్దానికి అవతల నిలబడి చెయ్యి ఊపాల్సిందే.

కొండయ్య వెళ్లాక వకుళ మెల్లగా అంది: "ఆ గది ఫ్యాన్ నేనే బిగించినా జేజీ. కొత్త రకం. సప్పుడే రాదు. సప్పుడు రాకుంటే అది తిరుగుతాందో ఆగిపోయిందో పండుకున్నోళ్లకు ఎట్ల తెలుస్తాది?"

కాన్పుదాకా ఆ ఫ్యాన్ కింద ఒంటరిగా ఉండటం గురించి ఆ పిల్ల ఇప్పటికే ఆలోచించేసిందని అప్పుడు అర్థమైంది.

నమోదు 3

డాక్టర్ షమీమ్ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. అక్కడ బయటపడిన సంగతి: చదువుకునే రోజుల నుంచీ వేసుకుంటున్న మాత్రలు వకుళ మానేసింది. ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకు మానేశావు?" అన్నాను నేను.

"సుంకమ్మత్త చెప్పింది, మనం మింగినేదంతా బిడ్డకు పోతాదని."

"మరి మీ భయం పోదా బిడ్డకు?" అన్నారు డాక్టర్. కసురుకోలేదు, మామూలుగానే అన్నారు. "మందు ఉంచాలా, మార్చాలా, తగ్గించాలా అన్నది మనిద్దరం కూర్చుని తూకం వేసుకోవాల్సిన విషయం. దాని వల్ల ఎంత ఇబ్బంది, జబ్బును వదిలేస్తే ఎంత ఇబ్బంది, రెండూ చూడాలి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయటం మాత్రం వద్దు." కడుపుతో ఉన్నవాళ్లకు ఇచ్చే మందు చిన్న మోతాదులో మొదలుపెట్టారు. పని చేయటానికి కొన్ని వారాలు పడుతుందట. ఈలోగా నేర్చుకోవాల్సినవి ఉన్నాయట. ముల్లు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చూడాలి, అంతకు మించి చూడకూడదు. భయం వచ్చినప్పుడు దాన్ని తరమకూడదు. వచ్చి, పెరిగి, దానంతటది దిగిపోయేదాకా ఉండనివ్వాలి.

తర్వాత ఆవిడ మా వైపు తిరిగారు. "మీకూ ఒక మందు రాస్తున్నా. ఇవాళ్టి నుంచి మీ ఇంట్లో ఎవరూ 'ఏం కాదు' అనకూడదు."

ఓబులేసు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇంకేం చెప్పల్ల మేడమ్?"

"మీరు ఏం కాదు అన్న ప్రతిసారీ భయం కాసేపు పడుకుంటుంది. లేచి మళ్లీ అడుగుతుంది. ఈసారి రెండుసార్లు చెప్పించుకుంటుంది. అమ్మాయి తనంతట తాను దాటటం ఎప్పుడు నేర్చుకోవాలి? భయమేస్తోందా అని అడగండి. ఇక్కడే ఉన్నాను అని చెప్పండి. ఉండండి. అంతే."

తెలుగు ఇంట్లో 'ఏం కాదు' లేకుండా సంసారం ఎట్లా చేస్తారో ఆవిడ చెప్పలేదు. పాలు పొంగినా, పిల్లాడు పడినా, ఆస్తి పోయినా మనకున్నది ఆ రెండు మాటలే గదా.

నమోదు 4

మొదటి రోజు ఓబులేసు మధ్యాహ్నంలోపే తప్పాడు. అదీ వకుళతో కాదు. వాడి చేతిలో గిన్నె జారి పడితే వాడికి వాడే "ఏం కాల్యా" అనుకున్నాడు. నేను కళ్లెర్ర చేశాను. "నాకు నేను కూడా చెప్పుకోకూడదా జేజీ?" అన్నాడు ఏడుపు మొహంతో. గిన్నె సొట్టపోయింది, కాబట్టి ఏదో అయినట్టే లెక్క అన్నాను.

నవ్వు వచ్చిన సంగతి ఆ ఒక్కటే.

సాయంత్రం వకుళ నా పక్కన కూర్చుని, "జేజీ, ఈ పొద్దు పాప సరిగా కదలడంల్యా అనిపిస్తాంది" అంది.

డాక్టర్ చెప్పిన లెక్కలున్నాయి. కదలికలు మొదలయ్యే నెలే ఇది, రోజూ ఒకేలా తెలియవు, నిజంగా అనుమానముంటే ఫలానా నంబర్‌కు చేయాలి. పొద్దున చేసింది, అడిగింది, అంతా సరిగానే ఉందని వాళ్లు చెప్పారు. ఇప్పటిది ఆ అనుమానం కాదు. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ.

"భయమేస్తాందా?" అన్నాను.

"అవును. చెప్పు జేజీ. ఒక్కసారి చెప్పు, చాలు."

"ఈడనే ఉండా."

"అది కాదు. ఇంకోటి చెప్పు."

"ఈడనే ఉండా వకుళా."

"నీకు నా మీద ఇంత కూడా జాలి ల్యాదా? రెండు మాటలు! ఊరందరికీ ఊరికే పంచేది, నాకు చెప్పనీకి పానం ఒప్పదా?"

జాలి ఉంది. నాలుక చివర ఉంది. పళ్ల వెనక పెట్టుకుని కూర్చున్నాను. ఈ నాలుకతో నేను ప్రిన్సిపాళ్లను ఏడిపించాను, ఇద్దరు వియ్యపురాళ్లను దారికి తెచ్చాను. దాన్ని ఊరకే ఉంచటం ఇంత బరువని ఈ వయసులో తెలిసింది. అది ఏడ్చింది. వణికింది. నన్ను రాయి అంది. రాయి లోపలే బతుకుతున్నాం గదా, కొత్తేముంది. పసుపు దీపం వెలిగింది. ఈసారి గుమ్మం దగ్గర ఓబులేసును నిలబెట్టి వచ్చినవాళ్లను వచ్చినట్టే పంపించాం. వీధికి అది నచ్చలేదు.

ఏడుస్తూనే దిగింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే దిగింది. అది మేమిద్దరం గమనించాం, కానీ పైకి అనుకోలేదు.

రెండోసారి వెలిగినట్టు కొండయ్య రాసుకున్నాడు.

నమోదు 7

మధ్యలో రెండు నమోదులు చింపేశాను. అభిప్రాయాలు ఎక్కువయ్యాయి.

మందు కొంచెం పట్టినట్టుంది. వకుళ తిండి తింటోంది. ముల్లు చూడటం తగ్గించింది. చూడాలనిపించినప్పుడు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటుంది. అట్లా కూర్చున్నప్పుడు దాని మొహం చూస్తే, బండ మోసేవాళ్ల మొహం గుర్తొస్తుంది. పగలు పనికి పోతోంది. చింతకాయ కావాలని అడిగితే చింతపండు రుచి ఉన్న ముద్దేదో తెచ్చాడు ఓబులేసు. అది చింత కుటుంబానికి ఏమీ కాదని నేను చెప్పినా నాకేసింది.

మరి ఇబ్బంది ఎక్కడుందంటే, వీధిలో.

కడుపుతో ఉన్న పిల్ల భయపడుతోందని వీధంతా జాలిపడింది. జాలిపడి ఊరుకుంటే మా వీధి ఎందుకవుతుంది? పొద్దున ఒకసారి వేయాల్సిన కేకను మా గుమ్మం ముందు నుంచి పోయే ప్రతి మనిషీ వేయటం మొదలుపెట్టారు. నీళ్లకు పోతూ "గాలి మంచిదేనమ్మా వకుళా!" వస్తూ "గాలి మంచిదే!" పాల డబ్బా వాడు, చెత్త బండి వాడు, బడికి పోయే పిల్లకాయలు కూడా. ధైర్యం చెప్తున్నారట. ఒక్కో కేకకూ వకుళ తల ముల్లు వైపు తిరుగుతుంది. దానంతట అదే తిరుగుతుంది. గాలి సంగతి మరిచిపోయి కాసేపు గోరుచుట్టు గురించో, జీతం గురించో మాట్లాడుతుంటే చాలు, గుమ్మంలో ఎవరో ఒకరు గుర్తు చేసి పోతారు.

అందరికంటే ఎక్కువగా సుంకమ్మ.

అడగటానికి నేనే వెళ్లాను. మర్యాదగానే మొదలుపెట్టాను. "సుంకమ్మా, మా గుమ్మం ముందు ఆ కేక మానెయ్. పిల్లకు దాంతోనే ఎక్కువైతాంది."

"మంచి మాట చెప్పొద్దంటావా అక్కా?"

"చెప్పొద్దంటాండా."

"నీకు చదువెక్కువై పెద్దా చిన్నా మరిచిపోయినావు. కడుపుతో ఉండేదానికి ధైర్యం చెప్పకుండా నోరు కట్టుకుంటారా యాడన్నా? పిల్ల ఏడుస్తాంటే గుమ్మంలో మొగుణ్ని కాపలా పెట్టి మమ్మల్ని తరిమితిరి."

"డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మ ఈ ఇండ్ల వరసలో పుట్టిందా? నువ్వు పుట్టినావా? నువ్వు పై నుంచి దిగొచ్చినదానివి." అప్పటికి దాని గొంతు మారింది. "నాకు ఏడేండ్లప్పుడు ఈ వరసలో గాలి పోయింది. దీపాలు ల్యావు, ముళ్లు ల్యావు. చీకట్లో ఇంటింటికీ కేకేసుకుంటిమి, ఎవరుండారో ల్యారో అని. మా పిన్నమ్మ ఇంటి కాడి నుంచి బదులు రాల్యా. ఆ పొద్దు నుంచి ఈ కేక పుట్టింది. నువ్వు దాన్ని నోరు మూసుకోమంటాండావు."

దండం పెట్టి ఇంటికొచ్చేశాను. ఇది నమోదు చేయదగిన విషయమే.

నమోదు 8

మూడోది ఈ రోజు వెలిగింది.

సుంకమ్మ మనసు మార్చుకుని రాజీకి వచ్చింది. ఆముదం తెచ్చింది, వకుళ కాళ్లకు రాస్తానని కూర్చుంది. రాసింది కూడా. బాగా రాస్తుంది. వకుళ కళ్లు మూసుకుంది, ఒళ్లు వదులైంది. లేచి పోతూ, నేను చెప్పింది గుర్తుపెట్టుకుని కేక వేయలేదు పాపం. వంగి, పిల్ల చెవిలో, మెత్తగా, "గాలి మంచిదేలే తల్లీ. నేను చూసినాలే. నువ్వు చూడొద్దులే" అంది.

వకుళ కళ్లు తెరిచింది.

మిగతాది రాయనక్కర్లేదు. సుంకమ్మ గుమ్మంలో నిలబడి, పసుపు వెలుగులో, చేతులకు ఆముదంతో ఏడ్చింది. "నేనేం చేసినా అక్కా? నేనేం చేసినా?" అని. ప్రేమగా చేశావు సుంకమ్మా అన్నాను.

కొండయ్య సభ పెట్టాడు.

నమోదు 9

సభ చావిడిలో జరిగింది. వరసలో పెద్దవాళ్లంతా వచ్చారు. మా దగ్గర ఓటంటే నుదుటికి కట్టుకునే దీపం. ఒప్పుకున్నవాళ్లు వెలిగిస్తారు, లేనివాళ్లు ఆర్పుకుంటారు. దాచుకోవటానికి ఉండదు.

డాక్టర్ షమీమ్ కాగితం పంపారు: పై వార్డు అవసరం లేదు, ఇంట్లో ఉండటమే మంచిది, తన పర్యవేక్షణ ఉంటుంది అని. కొండయ్య చదివి మడిచి, "కాగితం సరే. కాన్పు కాడ ఈ పిల్లకు ఇట్లనే వచ్చి, వరసంతా గాలి తగ్గితే? పసిపిల్లలు ఉండారు. ముసలోళ్లు ఉండారు. నేను బాధ్యుణ్ని" అన్నాడు. అది అన్యాయమైన మాట కాదు. పసుపు వెలిగినప్పుడల్లా మా పక్కింట్లో నిజంగానే ఉక్క పోస్తుంది.

వకుళను మాట్లాడమన్నారు. లేచింది. ఏం చెప్పాలో మూడు రోజులుగా అద్దం ముందు అనుకుంటోంది.

"నాకు ఈ జబ్బు పదహారేండ్లప్పటి నుంచి ఉండాది" అంది. ఆగింది. చావిడి పైకప్పు వైపు చూసింది. అక్కడ పెద్ద ఫ్యాన్ ఉంది. వకుళ మెడ దగ్గర నరం ఎగరటం నాకు కనిపించింది. ఓబులేసుకూ కనిపించింది, వాడు సగం లేచాడు.

ఫ్యాన్ రొద పెంచింది. గుమ్మం మీద పసుపు వెలిగింది.

యాభై మంది ఒక్కసారిగా లేచారు. సుంకమ్మ అందరికంటే ముందు.

"కూర్చోండి!" అన్నాను. తరగతి గది గొంతు అది, ఇన్నేళ్లకు మళ్లీ వచ్చింది. కూర్చున్నారు. కొండయ్య కూడా.

వకుళ బల్ల అంచు పట్టుకుంది. "వచ్చింది" అంది. "ఇప్పుడు చూడండి. గుండె కొట్టుకుంటాంది. వేళ్లు తిమ్మిర్లు. గొంతు కాడ ఎవురో పట్టుకున్నట్టు ఉండాది. సచ్చిపోతానని అనిపిస్తాంది." ఊపిరి తీసుకుంది. "పాప సచ్చిపోతాదని అనిపిస్తాంది. అది అన్నిటికన్నా కష్టం." ఎవరో ముక్కు చీదారు. "ఇంతకుముందైతే ముల్లు కాడికి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు పోను. అనిపించనీ. ఈడనే నిలబడతా."

నిలబడింది. అంతే, నిలబడింది. కడుపు మీద ఒక చెయ్యి, బల్ల మీద ఒక చెయ్యి. చెమట చుబుకం నుంచి బల్ల మీద చుక్కలుగా పడింది. చావిడిలో అందరికీ ఉక్క పోసింది, నాకూ పోసింది. నా నాలుక కింద ఆ రెండు మాటలు ఎక్కడ లేని తీపితో ఊరుతున్నాయి. మింగేశాను. ఓబులేసు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఎంతసేపో చెప్పలేను. చాలాసేపే.

పైన ఫ్యాన్ నెమ్మదించింది. పసుపు ఆరింది.

"ఇంతే చిన్నాయనా" అంది వకుళ కొండయ్యతో. గొంతు ఇంకా వణుకుతోంది. "ఆ దీపం కింద జరిగేది ఇంతే. మళ్లీ వస్తాది. కాన్పుదాకా వస్తాది, తర్వాతా రావచ్చు. వచ్చి పోతాది. గాలి లాక్కోకుండా మా గది ఫ్యాన్‌కు అడ్డుపట్టీ వేసుకుంటా, ఉక్క మేమే పడతాం. అది నా పనే, నాకు వచ్చు. అద్దాల గదిలో మాత్రం నేను దీన్ని ఒంటరిగా దాటలేను. ఆ మాట చెప్పనీకే వచ్చినా."

కొండయ్య గడ్డం గోక్కున్నాడు. "అడ్డుపట్టీ నేనొచ్చి చూస్తా" అన్నాడు. "ఇంట్లో ఉంచొచ్చు అనేవాళ్లు దీపాలు ఎలిగించండి."

వెలిగాయి. ఒకటి, ఇంకోటి, మూలన నాలుగు కలిసి. కొన్ని చీకటిగానే ఉండిపోయాయి. వెలిగినవే ఎక్కువ. లెక్క తేల్చి కొండయ్య తన దీపం కూడా వెలిగించాడు, అప్పటికి అవసరం లేకపోయినా.

సుంకమ్మ నుదురు చీకటి.

చావిడి ఖాళీ అయ్యాక వకుళ ఆమె దగ్గరికి పోయింది. "అత్తా, నన్ను పంపాలనుకున్నావా?"

"నాకు చూడనీక కాదే" అంది సుంకమ్మ. కళ్లు వాచి ఉన్నాయి. "నువ్వట్ల నిలబడుకుంటే, నోరు మూసుకుని చూసేది నాతో కాదు. దూరంగా ఉంటే కనపడవు గదా అని ఆర్పుకున్నా. నాకు తెలిసిందల్లా కేకేసేదే."

"చూడలేకపోతే చూడొద్దత్తా. కండ్లు మూసుకుని పక్కన కూచో. చాలు."

ఆ మాట అంటూనే వకుళ గోడకు ఆనుకుంది. రెండోది వస్తోంది. ఒకదాని వెనక ఒకటి రావటం ఉంటుందని డాక్టర్ ముందే చెప్పారు. మెల్లగా జారి నేల మీద కూర్చుంది. నేను ఒకవైపు కూర్చున్నాను. సుంకమ్మ కొంచెంసేపు నిలబడి, రెండోవైపు కూర్చుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. పెదాలు బిగబట్టింది, బుగ్గలు అదురుతున్నాయి. తన చేతిని వకుళ చేతి మీద పెట్టింది.

గుమ్మం మీద పసుపు వెలిగింది. వీధిలో ఎవరో పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కి తగ్గారు.

ముగ్గురం అట్లాగే కూర్చున్నాం. ఎవరమూ ఏమీ అనలేదు.